ఆశీలు ఎవరు చెల్లిస్తున్నారు?

యాప్ స్టోర్ల కమిషన్ మీద 2020 నుంచి సాగుతున్న వాదోపవాదాలను వరసపెట్టి చదివినవాణ్ణి మొట్టమొదట ఆశ్చర్యపరిచే విషయమేమంటే, ఇందులో నోరు విప్పిన ప్రతివాడూ కొనేవాడి తరఫునే మాట్లాడతాడు. కొనేవాడి భద్రత కోసమే కమిషన్ తీసుకుంటున్నామని ఆపిల్ అంటుంది. కొనేవాడి స్వేచ్ఛ కోసమే కోర్టుకెక్కామని ఎపిక్ గేమ్స్ అంటుంది. కొనేవాడికి పాట చవగ్గా అందాలన్నదే తన తాపత్రయమని స్పాటిఫై అంటుంది. కొనేవాడికి ఎంచుకునే అవకాశం ఇస్తున్నామని గూగుల్ అంటుంది. ఇంతమంది వకీళ్ళున్న కక్షిదారు ఈపాటికి మేడలు కట్టి ఉండాలి. వాడు చూస్తే, ఒకప్పుడు ఒకసారి కొని ఊరుకున్న యాప్‌కు ఇవాళ నెలనెలా చందా కడుతున్నాడు. ఆ చందా కూడా కట్టినచోట నిలవటం లేదు.

ఈ తగవును మనవాళ్ళు రెండు రకాలుగా అర్థం చేసుకున్నారు. కోటీశ్వరులు కోటీశ్వరులు కొట్టుకుంటున్నారు, మనకేం పట్టింది అనేది ఒక రకం. కమిషన్ తగ్గితే ధరలు తగ్గుతాయి, కనక కమిషన్ తగ్గించమన్న కంపెనీ ప్రజాపక్షాన ఉన్నట్టే అనేది రెండో రకం. మొదటిది బద్ధకం, రెండోది అమాయకత్వం. నూటికి 30 అన్న అంకె చుట్టూ ఇంత రగడ జరగటం వల్ల అసలు తగవు ఎక్కడుందో మరుగున పడిపోయింది.

తిరకాసు కమిషన్ అనే మాటతోనే మొదలవుతుంది. కమిషన్ తీసుకునేవాడు మనకు తెలియనివాడు కాడు. గుంటూరు మిరప యార్డులో కమిషన్ ఏజెంటు రైతు సరుకు అమ్మిపెడతాడు, ముందుగా అప్పు పెడతాడు, ఆ అప్పుతోనే రైతు మెడ వంచుతాడు. అయినా పక్క కొట్టుకు పోయే దారి రైతుకు, కనీసం కాగితం మీదనైనా, ఉంది. యాప్ స్టోరు తీసుకునేది ఆ బాపతు కాదు. దానికి దగ్గరి పోలిక సంతలో ఆశీలు. పంచాయతీ వేలంలో పాట పాడుకున్నవాడు సంతలోకి వచ్చే ప్రతి గంప మీదా, ప్రతి పశువు మీదా ఇంత అని వసూలు చేసుకుంటాడు. సరుకు అమ్ముడుపోయిందా లేదా అన్నది అతని బాధ్యత కాదు. అయితే ఆశీలుదారుకు కూడా కొన్ని కట్టుబాట్లున్నాయి. గంపకు ఇంత అనవలసిందే తప్ప, గంపలోని వంకాయల ధరలో నూటికి 30 అనలేడు. గడువు తీరాక మళ్ళీ వేలం జరుగుతుంది. ఆపిల్ సంతకు 2008 నుంచి వేలం లేదు.

ఆ ఏడాది జూలైలో సుమారు 500 యాప్‌లతో ఐఫోన్ స్టోరు తెరిచినప్పుడు, ధరలో 70 వంతులు తయారుచేసినవాడికి, 30 వంతులు ఆపిల్‌కు అని స్టీవ్ జాబ్స్ అప్పటికే ప్రకటించి ఉన్నాడు. స్టోరు మీద లాభం తియ్యటం తమ ఉద్దేశం కాదనీ, ఆ 30 వంతులూ స్టోరు నడిపే ఖర్చులకేననీ అప్పట్లో చెప్పుకున్నారు. 2009లో యాప్ లోపల జరిగే అమ్మకాలు, 2011లో చందాలు ఆ లెక్కలోకే వచ్చాయి. ఖర్చు ఏమైందో, లాభం ఎంతైందో బయటివాళ్ళు అడిగే రోజు రావటానికి పన్నెండేళ్ళు పట్టింది. ఎపిక్ వేసిన దావాలో కాలిఫోర్నియా న్యాయమూర్తి ఇవోన్ గొంజాలెజ్ రోజర్స్ 2021 సెప్టెంబరు 10న ఇచ్చిన తీర్పు 185 పేజీలు. దీన్ని మన ఆర్థికశాస్త్ర విద్యార్థులు చదవాలి. 30 అనే రేటు ఖర్చు లెక్కగట్టి పెట్టింది కాదనీ, ఆనాడు వేసిన ఒక పందెం లాంటిదనీ, పోటీ ఉన్నచోట రానంత లాభం దానివల్ల వచ్చినట్టు కనపడుతున్నదనీ ఆమె రాశారు. అయినా ఫెడరల్ చట్టం కింద ఆపిల్ గుత్తాధిపత్యం రుజువు కాలేదన్నారు. ఎపిక్ చాలామట్టుకు ఓడిపోయింది.

ఆ తీర్పులోనే ఇంకొక సంగతి ఉంది. దాన్ని గురించి ఇరుపక్షాల వాళ్ళూ పెద్దగా మాట్లాడరు. స్టోరు ఆదాయంలో నూటికి 70 వంతులు ఆటల నుంచి వస్తున్నది. ఆ 70 వంతులూ చెల్లించేది స్టోరు వాడేవాళ్ళలో నూటికి పదిమంది కూడా కారు. తక్కినవాళ్ళకు సంత దాదాపు ఉచితం. ఉచితం అంటే ఎవరో చెల్లించినదనే అర్థం. ఇక్కడ చెల్లిస్తున్నది ఆట మధ్యలో ఆపలేక మళ్ళీమళ్ళీ డబ్బు పోసేవాళ్ళు. ఆపిల్ తాను కాపాడుతున్నానన్న వినియోగదారుడూ, ఎపిక్ తాను విడిపిస్తానన్న వినియోగదారుడూ వీడే. వీడు అలా డబ్బు పోస్తూ ఉండాలన్న విషయంలో మాత్రం ఇద్దరికీ భేదాభిప్రాయం లేదు.

ఎపిక్ యుద్ధం ప్రకటించిన తీరు కూడా ఒకమాటు పరిశీలించదగింది, ఎందుకంటే అది ఒక చిత్రంతో ప్రకటించింది. 2020 ఆగస్టు 13న ఫోర్ట్‌నైట్ ఆటలో ఆపిల్ గల్లాపెట్టెను తప్పించుకుని డబ్బు కట్టే ఏర్పాటు పెట్టారు. వి-బక్స్ అనే ఆటడబ్బు వెయ్యి కొంటే ఆపిల్ ద్వారా 9.99 డాలర్లు, నేరుగా కడితే 7.99. అదే రోజు ఆపిల్ ఆటను స్టోరులోంచి తీసేసింది, అదే రోజు ఎపిక్ దావా వేసింది, అదే రోజు ఒక చిన్న చిత్రం విడుదల చేసింది. 1984 జనవరిలో వచ్చిన, రిడ్లీ స్కాట్ తీసిన ఆపిల్ ప్రకటనకు అది పేరడీ. పాత ప్రకటనలో తెరమీద ఒక నియంత ఉపన్యసిస్తుంటే, ఒక యువతి పరుగెత్తుకొచ్చి సుత్తి విసిరి తెర పగలగొడుతుంది. ఆనాడు నియంత ఐ.బి.ఎం. అని అందరూ అర్థం చేసుకున్నారు. కొత్తదానిలో నియంతకు ఆపిల్ పండు తల పెట్టారు. కొట్టినవాడి ఆయుధంతోనే కొట్టటం వ్యంగ్యానికి ఎప్పుడూ బలమే, దాన్ని కాదనను. కాని రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ముప్ఫైఆరేళ్ళలో నియంత మారాడు, సుత్తి మారింది. మారనిది జనం. రెండింటిలోనూ వరస కుర్చీల్లో నోళ్ళు తెరుచుకుని కూర్చునే ఉంటారు. ఒక్కడూ లేవడు, ఒక్క మాట అనడు. తెర పగిలినప్పుడు వెలుతురు మొహాన పడించుకోవటమే వాళ్ళ పాత్ర. ఏ కంపెనీ తీసిన తిరుగుబాటు చిత్రంలోనైనా జనానికి ఇంతకుమించిన పాత్ర దొరుకుతుందా అని నాకు సందేహం.

కథకు తరువాయి కూడా ఉంది. ఏ 7.99 డాలర్లను జెండాగా పట్టుకుని ఎపిక్ యుద్ధానికి దిగిందో, ఆ ధర 2023 అక్టోబరులో అమెరికాలో 8.99 అయింది. ద్రవ్యోల్బణం, మారకపు రేట్లు కారణమన్నారు. కావచ్చు. అప్పటికి ఆ ఆట అమెరికా ఐఫోన్ స్టోరులో లేనేలేదు. కనక ఆ పెరిగిన డాలరును ఆపిల్ ఖాతాలో రాయటానికి వీల్లేదు.

ఇక ధరల లెక్కకు వద్దాం. చేతికి వంద రూపాయలు రావాలంటే, నూటికి 30 పోయేచోట సుమారు 143 రూపాయలకు అమ్మాలి. ఇది పుస్తకాల లెక్క కాదు, బజార్లో జరిగిందే. స్పాటిఫై 2014 నుంచి 2016 దాకా ఐఫోన్‌లో చందాను 12.99 డాలర్లకు అమ్మింది, తన వెబ్‌సైటులో అదే చందా 9.99. ట్విట్టర్ 2023 ఫిబ్రవరిలో మన దేశంలో నీలి టిక్కు చందా పెట్టినప్పుడు వెబ్‌లో నెలకు 650 రూపాయలు, ఫోన్‌లో 900. తొమ్మిదివందల్లో నూటికి 30 తీసేస్తే మిగిలేది 630. అంటే కమిషన్ దాదాపు మొత్తం కొనేవాడి నెత్తిన పడింది. కమిషన్ తయారుచేసేవాడే భరిస్తాడు, కొనేవాడికి దానితో నిమిత్తం లేదు అని స్టోర్లవాళ్ళు చేసే వాదన ఇక్కడితో తేలిపోతుంది. లండన్‌లోని కాంపిటీషన్ అప్పీల్ ట్రిబ్యునల్ 2025 అక్టోబరులో, ఆపిల్ న్యాయమైన దానికంటే ఎక్కువ కమిషన్ తీసిందని తేల్చి, ఆ ఎక్కువలో సగం కొనేవాళ్ళ మీద పడిందని లెక్కకట్టింది. ఆపిల్ అంగీకరించలేదు, అప్పీలుకు పోతానన్నది.

అయితే కమిషన్ తగ్గితే ధర తగ్గాలి కదా? తగ్గలేదు. యూరోపియన్ యూనియన్ చట్టం 2024 మార్చిలో అమల్లోకి వచ్చాక అక్కడ కొందరికి కమిషన్ తగ్గింది. తరవాత ధరలు ఏమయ్యాయో చూడమని ఆపిల్ డబ్బిచ్చి ఒక అధ్యయనం చేయించింది. అది 2025 నవంబరులో వెలువడింది. నూటికి 90కి పైగా సరుకుల ధర అలాగే ఉంది, లేదా పెరిగింది అని అందులో తేలింది. డబ్బిచ్చి రాయించినది గనక కొట్టిపారేద్దామని మన మిత్రులు కొందరంటారు. ఆ అవసరం లేదు. ఫలితం నిజమనే అనుకుందాం. దానివల్ల ఏం రుజువైంది? మిగిలిన డబ్బును అమ్మినవాడు జేబులో వేసుకున్నాడని రుజువైంది. ఆపిల్ ఆ డబ్బుకు హక్కుదారు అని రుజువు కాలేదు. ఒక దొంగతనంలో సొమ్ము ఇంకొకడి ఇంట్లో దొరికితే మొదటివాడు పెద్దమనిషి అయిపోడు. స్పాటిఫై సంగతే చూడండి. 2016 తరవాత అది కొత్త చందాలను ఆపిల్ ద్వారా తీసుకోవటం మానేసింది. ఆ చందా మీద ఆపిల్‌కు పైసా పోదు. అయినా అమెరికాలో 9.99గా ఉన్న చందా 2023లో 10.99 అయింది, 2024లో 11.99 అయింది.

కనక పెరిగేటప్పుడు కమిషన్ మెట్లెక్కి ధరలోకి వస్తుంది, తగ్గేటప్పుడు మాత్రం దిగి రాదు. మరి కొనేవాడికి ఎక్కడైనా మేలు జరిగిందా అంటే, జరిగింది. రెండు ధరలు పక్కపక్కన కనపడినచోట జరిగింది. ఫోన్‌లో 900, వెబ్‌లో 650 అని తెలిసినవాడు వెబ్‌కు పోయి 250 మిగుల్చుకున్నాడు. అసలు తగవు ఇక్కడుంది. ఎందుకంటే, ఆ రెండో ధర పేరెత్తటానికి వీల్లేదన్నదే స్టోరు పెట్టిన నిబంధన.

మన పుస్తకాల సంగతి తీసుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. తెలుగు పుస్తకం ఏది తెరిచినా రెండో పేజీలో "ప్రతులకు" అని ఒక మాట ఉంటుంది. దాని కింద రచయిత ఇంటి చిరునామా, తరవాత విశాలాంధ్ర, నవోదయ వగైరా దుకాణాల పేర్లు. పుస్తకాల షాపువాడు కూడా కమిషన్ తీసుకుంటాడు, అది తక్కువేమీ కాదు. రచయితలమందరం ఏళ్ళ తరబడి దాన్ని గురించి గొణుక్కుంటూనే ఉన్నాం. అయినా ఏ షాపువాడూ ఆ పేజీ చించి అమ్మలేదు. మా షాపులో అమ్మాలంటే నీ చిరునామా అచ్చు వెయ్యకూడదు, పోస్టులో తెప్పించుకుంటే పదిరూపాయలు తక్కువని రాయకూడదు అని షరతు పెట్టలేదు. ఆపిల్ పెట్టింది సరిగ్గా ఆ షరతే. యాప్ లోపల ఎక్కడా, మా వెబ్‌సైటులో చవక అని చెప్పకూడదు, అక్కడికి దారి చూపించకూడదు. షాపువాడు సరుకు నిలవ పెట్టుకుంటాడు, అద్దె కడతాడు, అమ్ముడుపోనివి మోస్తాడు. స్టోరు కూడా కొంత చేస్తుంది, లేదనటం అన్యాయం. ఒక్కడు కూర్చుని తయారుచేసిన యాప్‌ను 175 దేశాలకు అందిస్తుంది, పన్నులు వసూలు చేస్తుంది, మోసగాళ్ళను కొంతవరకు ఏరేస్తుంది. వీటికి వెల కట్టుకోవచ్చు. కాని ధర తెలియకుండా చెయ్యటం సేవ కాదు, దానికి వెల ఉండదు.

ఎపిక్ కేసులో ఆపిల్ ఓడిపోయిన ఒక్క అంశం ఇదే. బయట కొనుక్కోవచ్చునని చెప్పనివ్వాలని 2021 తీర్పు ఆదేశించింది. 2024 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు ఈ కేసు విననన్న తరవాత ఆపిల్ ఆ ఆదేశాన్ని "పాటించింది". పాటించిన తీరు ఎటువంటిదంటే, బయట జరిగిన అమ్మకం మీద కూడా నూటికి 27 తమకు చెల్లించాలన్నది. డబ్బు కట్టించుకునే ఖర్చు అమ్మేవాడిదే కనక, అది కలుపుకుంటే 30 దాటిపోతుంది. పైగా లింకు నొక్కగానే నిండు తెర మీద ఒక హెచ్చరిక వచ్చేది. ఆ హెచ్చరికలో మాటలు ఎలా ఎంచారో 2025 ఏప్రిల్ 30న అదే న్యాయమూర్తి రాసిన ధిక్కార తీర్పులో బయటపడింది. బయటి వెబ్‌సైటు అన్న మాట భయం కలిగించేలా ఉంది, పైవాళ్ళకు నచ్చుతుంది అని ఉద్యోగులు ఒకరికొకరు రాసుకున్నారు. శబ్దానికి ఉన్న శక్తిని గురించి అలంకారికులు ఎన్నో గ్రంథాలు రాశారు. ఇంత సూటిగా రాసినవాడు లేడు. ఒక అధికారి ప్రమాణం చేసి అబద్ధమాడాడని కూడా న్యాయమూర్తి ఆ తీర్పులో రాశారు. బయటి అమ్మకం మీద కమిషన్ తీసుకోవద్దన్న ఆ ఆజ్ఞ మీద ఆపిల్ అప్పీలుకు వెళ్ళింది. బయటి అమ్మకం మీద అసలు ఏమైనా తీసుకోవచ్చునా, తీసుకుంటే ఎంత అన్న తగవు అలా కొనసాగింది. యూరప్‌లో కూడా ఆపిల్‌కు రెండు జరిమానాలు చవక ధర చెప్పనివ్వనందుకే పడ్డాయి. 2024 మార్చిలో స్పాటిఫై ఫిర్యాదు మీద 180 కోట్ల యూరోలకు పైగా, 2025 ఏప్రిల్‌లో 50 కోట్ల యూరోలు.

చందాల పద్ధతి ఇంకొక చిక్కు తెచ్చిపెట్టింది. 2016లో ఆపిల్ అన్ని రకాల యాప్‌లకూ చందాలు అనుమతించి, ఏడాది దాటిన చందా మీద తన వాటా 15కు తగ్గించుకుంది. తయారుచేసేవాళ్ళు ఒకసారి అమ్మటం మాని చందాలకు తిరిగారు. 2022 మేలో మరొక మార్పు వచ్చింది. ఏడాదికొకసారి, కొన్ని పరిమితులకు లోబడి, నూటికి 50 దాకా ధర పెంచితే చందాదారుకు తెలియజేస్తే చాలు, అతను సరేననక్కర్లేదు. వద్దని చెప్పకపోతే ఒప్పుకున్నట్టే. ఇక్కడ స్టోరుకూ, అమ్మేవాడికీ తగవు లేదు. ఇద్దరి వాటాలూ కలిసే పెరుగుతాయి. దీనిమీద ఎవరూ చిత్రం తియ్యలేదు.

మన దేశంలో ఐఫోన్లకంటే ఆండ్రాయిడ్ ఫోన్లే చాలా ఎక్కువ కనక ఇక్కడ ఆశీలుదారు గూగుల్. 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ ప్లే స్టోరు నిబంధనల మీద గూగుల్‌కు 936.44 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2025 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ దాన్ని 216.69 కోట్లకు తగ్గించింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. ఈ మధ్యలో గూగుల్ ఒక రాయితీ ప్రకటించింది: డబ్బు వేరేవాళ్ళ ద్వారా కట్టించుకుంటే కమిషన్‌లో 4 వంతులు తగ్గిస్తామన్నది. 30 చెల్లించేవాడు 26, 15 చెల్లించేవాడు 11 చెల్లిస్తాడు. ఈ రాయితీలో గూగుల్ తనకు తెలియకుండానే ఒక నిజం ఒప్పుకుంది. డబ్బు కట్టించుకునే పనికి దాని లెక్కలోనే విలువ 4. తక్కిన 26 దేనికో చెప్పవలసిన బాధ్యత ఇంకా మిగిలే ఉంది. 2020 జనవరి నుంచి యు.పి.ఐ. మీద దుకాణదారు దగ్గర రుసుము తీసుకోకూడదన్న నియమం ఉన్న దేశంలో ఈ ప్రశ్న మరీ కొట్టొచ్చినట్టు కనపడుతుంది. కూరగాయలమ్మి కోడ్ కాగితం అతికించుకుని పూర్తి సొమ్ము తీసుకుంటున్నది. కథలు చదివి వినిపించే యాప్‌కు ఆ వెసులుబాటు లేదు.

2024 మార్చి 1న గూగుల్ కమిషన్ చెల్లించలేదని పది భారతీయ కంపెనీల యాప్‌లను తీసేసింది. వాటిలో భారత్ మాట్రిమొనీ, నౌకరీ, కుకు ఎఫ్.ఎం. ఉన్నాయి. మద్రాసు హైకోర్టులో ఓడి, సుప్రీంకోర్టులో తాత్కాలిక ఉత్తర్వు దొరకక వచ్చినవాళ్ళు వాళ్ళు. కేంద్రమంత్రి కలగజేసుకున్నాక నాలుగైదు రోజుల్లో యాప్‌లు తిరిగొచ్చాయి. ఆ వారం మన పత్రికలు దీన్ని స్వదేశీ ఉద్యమంలా రాశాయి. ఇందులో పెళ్ళిసంబంధాల కోసం డబ్బు కట్టిన తండ్రికి ఒరిగిందేమిటో మాత్రం ఒక్కరూ అడగలేదు. కమిషన్ తప్పితే సభ్యత్వ రుసుము తగ్గిస్తామని ఆ పదింటిలో ఏ కంపెనీ అయినా రాసిచ్చిందా అని అడగవలసింది. మేం దేశీయులం కనక మా లాభం మీ లాభం అనటం పాత పాటే. మన జాతీయ మిల్లు యజమానులు కూడా లాంకషైర్ బట్ట మీద కోపంతో ఉన్న జనానికి ఇదే పాట వినిపించారు.

ఈ మాట అనటం వల్ల నేను గూగుల్ పక్షం చేరినట్టు కాదు. గూగుల్ చెప్పుకునే ప్రకారం మన దేశంలో యాప్‌లు తయారుచేసేవాళ్ళలో కమిషన్ చెల్లించవలసినవాళ్ళు నూటికి మూడు పాళ్ళు మాత్రమే. చెల్లించేవాళ్ళు కొద్దిమందే గనక ఫర్వాలేదని దాని వాదన. ఆశీలు అందరి దగ్గరా కాదు, మిరపకాయల బండ్ల దగ్గరే వసూలు చేస్తున్నాం అన్నంత మాత్రాన సంత ఉచితమైపోదు. ఆ బండిలో సరుకు కొనేవాడు ఉన్నాడు.

మన వృత్తికి సంబంధించిన ఉదాహరణ ఒకటి ఉంది. 2011 నుంచి ఐఫోన్‌లోని కిండిల్ యాప్‌లో పుస్తకం చదువుకోవచ్చు, కొనుక్కోవటానికి వీల్లేదు. 30 వంతులు ఇవ్వటం ఇష్టంలేక అమెజాన్ కొనే బొత్తాం తీసేసింది. ఎక్కడ కొనుక్కోవాలో చెప్పటానికి నిబంధన ఒప్పుకోలేదు. 2022లో ఆండ్రాయిడ్ యాప్‌లో కూడా అమ్మకం ఆగింది. పుస్తకాల యాప్ తెరిచినవాడికి, పుస్తకం ఎక్కడ దొరుకుతుందో ఆ యాప్ చెప్పకుండా పద్నాలుగేళ్ళు గడిచాయి. ధిక్కార తీర్పు వచ్చిన వారం లోపలే, 2025 మే నెల మొదట్లో, అమెరికా ఐఫోన్లలో కిండిల్ యాప్‌లోకి ఒక బొత్తాం వచ్చింది. నొక్కితే అమెజాన్ వెబ్‌సైటు తెరుచుకుంటుంది. స్టోరు లోపలి కమిషన్ ఒక్క వంతు కూడా తగ్గించకుండా, బయటి అమ్మకం మీద కమిషన్ తీసుకోవద్దని చెప్పి, "ప్రతులకు" పేజీ చించకుండా ఉంచినందుకే ఆ బొత్తాం వచ్చింది. మొదట అది అమెరికా స్టోరుకే పరిమితమైంది, ఎందుకంటే కోర్టు ఆజ్ఞ అక్కడిదే.